లిఫ్టులో ఎవరూ నా ముఖం చూడరు

ప్రశ్న: నా వయసు 61. కౌంటరులో 33 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. భార్య పోయాక అబ్బాయి దగ్గరకు వచ్చి ఏడాదైంది. పెద్ద అపార్ట్‌మెంటు. లిఫ్టులో ఎంతోమంది ఎక్కుతారు, దిగుతారు, ఒక్కరూ తలెత్తి చూడరు. పలకరిస్తే ‘ఊఁ’ అని ఫోనులోకి తల దూర్చేస్తారు. బస్సులోనూ ఇదే వరస. నాలోనే ఏదైనా లోపం ఉందా? మొన్న మా అబ్బాయి, ‘కనిపించిన ప్రతివాళ్లనీ పలకరించకండి నాన్నా’ అన్నాడు. జ్వరంతో రెండు రోజులు బయటకు రాకపోతే, కుక్కను తిప్పే ఒకావిడ మాత్రం ‘ఈమధ్య కనబడలేదే’ అంది. మనుషులు ఎందుకిలా తయారయ్యారు?

జవాబు: మీలో లోపం లేదు. మనుషులు కొత్తగా తయారైందీ లేదు. తప్పంతా ఫోనుదే అనుకుంటాం కానీ, ఫోను చేతికి రాకముందు ఈ పని వార్తాపత్రిక చేసేది. బస్సులు, రైళ్లు, ట్రాములు వచ్చాకే మనుషులు ఒక్క మాటా లేకుండా గంటల తరబడి ఎదురెదురుగా కూర్చోవలసి వచ్చిందని జర్మన్ సామాజిక శాస్త్రవేత్త గియోర్గ్ జిమ్మెల్ వందేళ్ల కిందటే గమనించారు. చిన్న ఊళ్లలోనైతే ఎదురుపడే మనిషి చాలావరకు తెలిసినవాడే.

లిఫ్టు సంగతే చూడండి. మామూలుగా అయినవాళ్లను మాత్రమే రానిచ్చేంత దగ్గరకు అక్కడ ముక్కూముఖం తెలియనివాళ్లు వచ్చి నిలబడతారు. ఒంటికి జరిగే చోటు లేదు, అందుకని చూపు జరుగుతుంది. దూరం తగ్గేకొద్దీ కళ్లలోకి చూడడం తగ్గుతుందని 1965లోనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రయోగం చేసి చూపించారు. ఒక్క క్షణం చూసి, ‘మీరు ఉన్నారని గమనించాను, మీ జోలికి రాను’ అన్నట్టు చూపు తిప్పుకోవడాన్ని ఎర్వింగ్ గాఫ్‌మన్ అనే సామాజిక శాస్త్రవేత్త మర్యాదల్లోనే లెక్కవేశారు. నేనూ లిఫ్టులో తలుపు మీది అంకెలే చదువుతాను. మూడు తరవాత నాలుగే వస్తుందని తెలిసినా సరే.

అయితే మీకు కలిగిన బాధ వట్టిది కాదు. చూసి చూపు తిప్పుకోవడం వేరు, అసలు అక్కడ మనిషే లేనట్టు చూడడం వేరు. అమెరికాలో ఒక విశ్వవిద్యాలయం ఆవరణలో ఈ తేడానే పరీక్షించారు. ఎదురుగా వస్తున్న అపరిచితుడు తమను గాలిని చూసినట్టు చూసి దాటిపోతే, ఆ వెంటనే అడిగినప్పుడు, తమతో చూపు కలిపిన మనిషి ఎదురైనవాళ్లకంటే తాము ఒంటరులమన్న భావన ఎక్కువగా ఉందని జనం చెప్పారు. దారినపోయే మనిషి చూపుకే అంత బలముంటే, రోజుకు నాలుగుసార్లు లిఫ్టు ఎక్కే మీ సంగతి చెప్పాలా?

పైగా మీకొక పాత అలవాటుంది. కౌంటరు దగ్గరకు మనుషులే వచ్చేవారు, మాట వాళ్లే మొదలుపెట్టేవారు. ఇప్పుడు మీరే వెళ్లాలి. అది వేరే విద్య, కాస్త ఆలస్యంగా నేర్చుకుంటున్నారు, అంతే.

ఎదుటివాళ్లకు మాట్లాడడం ఇష్టం లేదని తేల్చేయకండి. చికాగోలో రైళ్లలో, బస్సుల్లో పనులకు వెళ్లేవాళ్లతో చేసిన అధ్యయనం ఒకటి 2014లో వచ్చింది. పక్కవాళ్లతో మాట్లాడమని కొందరికి, మౌనంగా ఉండమని కొందరికి చెప్పారు. మాట్లాడినవాళ్లకే ప్రయాణం హాయిగా గడిచింది. అంతకుముందు ఊహించి చెప్పమంటే మాత్రం జనం దీనికి సరిగ్గా ఎదురు చెప్పారు. పక్కవాడికి ఇష్టముండదని ఎవరికి వారే అనుకుని నోరు కట్టేసుకుంటున్నారన్నమాట.

అలాగని లిఫ్టులో కబుర్లు మొదలుపెట్టకండి. అక్కడ ఇష్టం లేనివాళ్లు తప్పుకోవడానికి దారి ఉండదు. చూసి, చిన్నగా తల ఊపి, తలుపు వైపు తిరగండి. మాటలకు కింద బెంచీ ఉంది, కదలని వరస ఉంది, ఆలస్యమైన బస్సు ఉంది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉంటే తలుపు మూసి ఉన్నట్టే. ఒంటరిగా ఉన్న ఆడపిల్ల చూపు తిప్పుకుంటే ఆ సంగతి అక్కడితో వదిలేయండి. ఆమెకు ఎదురైన అనుభవాలు మీకు తెలియవు, సంజాయిషీ అడిగే హక్కూ మనకు లేదు.

ఇక మీ అబ్బాయి మాట. ఉత్తరమంతా లిఫ్టు గురించే రాశారు కానీ, ముల్లు అబ్బాయి మాట దగ్గరే దిగిందని నాకనిపిస్తోంది. ‘ఎందుకలా అన్నావు, ఎవరైనా ఏమైనా అన్నారా?’ అని తనను నెమ్మదిగా అడగండి. ఎవరో విసుక్కుంటే, అది మీదాకా రాకుండా ఆపబోయి మాట కటువుగా అని ఉండవచ్చు. సాయంత్రం అరగంట తను మీతో కూర్చుంటే బావుంటుందని కూడా నోరు తెరిచి చెప్పండి. ఆ లోటు లిఫ్టులో ఎక్కేవాళ్లు తీర్చలేరు.

కుక్కను తిప్పే ఆవిడ సంగతి ఒక్క వాక్యంలో దాటేశారు. పేరు తెలియకపోయినా, రెండు రోజులు మీరు లేకపోవడం ఆవిడకు తెలిసింది. ఆవిడకు మీరేం జవాబు చెప్పారో మాత్రం రాయలేదు. చెప్పకపోయి ఉంటే, రేపు ఎదురుపడినప్పుడు జ్వరం తగ్గిందని చెప్పి, కుక్క పేరేమిటో అడగండి.