వంటమనిషి జీతం ఎవరి జీతంలోంచి?

"మేడమ్, నాకు 37 ఏళ్లు. ఒక ప్రైవేటు ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. జీతం 42 వేలు. మా వారికి 90 వేలు. బాబు ఆరో తరగతి. అత్తగారు మా దగ్గరే ఉంటారు. కరోనా అప్పుడు మాన్పించిన పనిమనిషిని మళ్లీ పెట్టుకోలేదు. పొద్దున అయిదున్నరకి లేస్తే రాత్రి పదిన్నరకి గిన్నెలు బోర్లించేదాకా నడుం వాల్చను. ఎనిమిది వేలకి రెండు పూటలా వండిపెట్టే ఆవిడ దొరికింది. 'నీ జీతంలో అయిదో వంతు వంటకే పోతే ఉద్యోగం చేసి ఏం లాభం?' అంటారు మా వారు. 'ఎవరో చేసిన వంట నేను తినను' అంటారు అత్తగారు. నాదే బద్ధకమేమో అని ఒక్కోసారి అనిపిస్తోంది."
– నిజాంపేట నుంచి ఒక సోదరి

అమ్మా, పదిహేడు గంటలు కాళ్లమీద ఉండే మనిషికి బద్ధకమన్న మాట ఎలా అంటుకుంటుంది? ఆ సంగతి వదిలేసి లెక్కలోకి వద్దాం.

వంట నలుగురూ తింటారు. మరి వంటావిడ జీతం మీ 42 వేలల్లోంచే ఎందుకు కోయాలి? ఇంటికొచ్చేది మొత్తం 1,32,000. అందులో ఎనిమిది వేలంటే ఆరు శాతం. ఇంటి అద్దె, కరెంటు బిల్లు ఇద్దరి ఖర్చయినప్పుడు ఇదొక్కటీ మీ సొంత ఖర్చు ఎలా అయింది? ఈ మాట గొడవలో అనకండి. ఒక ఆదివారం కాగితం, పెన్ను ముందేసుకుని కూర్చోండి. ఏ పద్దు ఎక్కడ రాయాలో చెప్పడం మీ వృత్తే కదా.

గంటకి నువ్వెంత సంపాదిస్తావు, ఆవిడకెంత ఇస్తాం అనే లెక్క కూడా ఎలాగూ వస్తుంది. నెలకి 26 రోజులు, రోజుకి ఎనిమిది గంటలు అనుకుంటే మీ గంట సుమారు 200 రూపాయలు. వంటావిడ వచ్చినా ఏం వండాలో చెప్పడం, కూరగాయలు తేవడం, పొద్దున్నే తలుపు తీయడం, ఆవిడ రాని రోజు మీరే పొయ్యి ముట్టించడం తప్పదు. అవన్నీ పోను రోజుకి గంటన్నర మిగిలితే నెలకి 39 గంటలు. అంటే మిగిలిన ఒక్కో గంటకి 205 రూపాయలు పెడుతున్నారు. మీ సంపాదనకి దాదాపు సరిపోయింది, లాభమూ లేదు, నష్టమూ లేదు! పైగా మిగిలిన గంటకి మీ ఆఫీసు అదనంగా పైసా ఇవ్వదు. బ్లౌజులు కుట్టేవాళ్లకీ ట్యూషన్లు చెప్పేవాళ్లకీ ఈ లెక్క పనికొస్తుందేమో. మీకు మిగిలేది నిద్ర, బాబు పక్కన కూర్చోవడం. వాటికి ధర కట్టాల్సింది మీరే.

2017లో వచ్చిన ఒక పరిశోధన గుర్తొస్తోంది. కెనడాలో, వాంకూవర్‌లో, 60 మంది ఉద్యోగులకి రెండు వారాంతాలు 40 డాలర్ల చొప్పున ఇచ్చారు. ఒకసారి వస్తువు కొనుక్కోమన్నారు, ఇంకోసారి టైము మిగిల్చే పనికి పెట్టమన్నారు. టైము కొనుక్కున్నప్పుడే వాళ్ల మనసు ఎక్కువ తేలిగ్గా ఉందట. ఒకరోజు 40 డాలర్లు వేరు, నెలనెలా ఎనిమిది వేలు వేరు, నిజమే. కానీ కొత్త మిక్సీకి ఎదురుచెప్పని ఇంట్లో వంటావిడకి ఇంత చర్చ ఎందుకో నాకర్థం కాదు.

నేనైతే వంటతో మొదలుపెట్టను. ఉద్యోగం కొత్తలో నేనూ ఒకావిణ్ని పెట్టుకున్నాను. పప్పులోనూ చింతపండే, వంకాయలోనూ చింతపండే. చెప్పలేక, తినలేక రెండు నెలలకి మానిపించాను. ఇప్పటికీ అంట్లకీ ఇల్లు తుడవడానికీ మనిషి ఉంది, దోశల పిండి కొనేస్తాను, వంట మాత్రం నాదే. మీ ఉత్తరంలోనూ రాత్రి పదిన్నర గిన్నెల దగ్గరే మీ గొంతు అలిసిపోయింది. అంట్లు, ఊడ్చి తుడవడం ఒకావిడకి అప్పగిస్తే వంటావిడకిచ్చే దాంట్లో సగం కూడా కాకపోవచ్చు. అత్తగారి అభ్యంతరమూ ఉండదు. వారంలో రెండు రాత్రులు కూరల పాయింట్ నుంచి కూర తెచ్చుకుని అన్నం మాత్రం వండుకోండి. అప్పటికీ పొద్దున్న ఊపిరాడకపోతే వంటావిణ్ని ఒక్క పూటకే, మూడు నెలలు చూద్దామని పెట్టండి. అత్తగారిని ఒప్పించాలని చూడకండి, 'రసం మీరు చెప్పినట్టే పెట్టాలని వంటావిడకి చెప్పండి' అని ఆ పని అత్తగారికే అప్పగించండి. వంటింటి మీద తన మాట పోతుందన్న బెంగే ఆవిణ్ని అలా అనిపిస్తుండొచ్చు.

ఇంక మీ వారి వాటా. జాతీయ గణాంక కార్యాలయం 2024 సర్వే ప్రకారం జీతంలేని ఇంటిపనికి ఆడవాళ్లు రోజుకి 289 నిమిషాలు పెడుతుంటే మగవాళ్లు 88. అదీ ఇంటిపనిలో చెయ్యి పెట్టే మగవాళ్ల సగటే. మీ ఉత్తరమంతా వెతికాను, ఆయన చేసే పని ఒక్కటీ కనపడలేదు. పైసా ఖర్చులేని సాయం అక్కడే ఉంది. బాబు లంచ్ బాక్సు, బట్టలు మడతపెట్టి ఇస్త్రీ బండికి వేయడం ఆయన పేరున రాయండి. 'సాయం చేస్తారా' అని అడగకండి, 'ఇది మీది' అనండి.

పనిమనిషిని మాట్లాడుకునేటప్పుడు నెలకి ఎన్ని సెలవులో, దసరాకి ఏమిస్తారో, చుట్టాలొచ్చిన రోజు అదనంగా ఎంతో ముందే తేల్చుకోండి. మీరు ఊరెళ్లిన రోజులకి ఆవిడ జీతం కోయకండి, ఆ నెల ఆవిడ కూడా అద్దె కట్టుకోవాలి.

మూడు నెలలయ్యాక రాయండి. అత్తగారు రసానికి ఒప్పుకున్నారో లేదో కూడా.