తొండం అతికించండి, బొట్టు మాత్రం చెరపొద్దు

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది పాలకొల్లు దగ్గర లంక ఊరండి. మా అమ్మమ్మ పెళ్లికి వాళ్ల నాన్నగారు కొన్న కొండపల్లి ఏనుగు అంబారీ మా ఇంట్లో ఉంది, 1986 వరదకి గిన్నెలూ బట్టలూ అన్నీ పోయినా అమ్మమ్మ దాన్ని అటకెక్కించి కాపాడుకుందట. మొన్న సంక్రాంతి కొలువు సర్దుతుంటే మా బాబు లాగేశాడు, తొండం ఊడిపోయింది. కంగారులో ఫెవిక్విక్ పెట్టేశాను, అది కాస్త వంకరగా అతుక్కుంది, చుట్టూ తెల్లగా మచ్చ కూడా వచ్చింది. ఇక్కడ షాపులో చూపిస్తే ఏనుగు మొత్తానికి కొత్త పెయింట్ వేస్తే తెలీదమ్మా అన్నారు. ఏటా అమ్మమ్మ పెట్టిన కుంకుమ నుదుటి మీద ఇంకిపోయి ఉందండి, అదీ పోతుందేమోనని భయంగా ఉంది, ఏం చెయ్యమంటారు?

జవాబు: ముందు ఒక్కమాటమ్మా, పెయింట్ వద్దు. మా ఇంట్లో దశావతారాల సెట్‌లో వరాహమూర్తికి కోర విరిగితే బాగుచేయడానికి ఇచ్చాం, వాళ్లు మొత్తం ఎనామిల్ కొట్టేసి మెరిపించి ఇచ్చారు. కోర బాగానే వచ్చింది గానీ మా అత్తగారు దాన్ని చేతిలోకి తీసుకుని "ఇది మనది కాదే" అన్నారు, ఆ మొహం నాకింకా గుర్తుంది. కళ్ల గీతలు మారిపోయాయి మరి.

మీ బొమ్మకి మంచి అవకాశమే ఉంది. కొండపల్లి బొమ్మ తెల్లపొణికి చెక్కతో చేస్తారు, చాలా తేలికైన మెత్తటి కర్ర, చెమ్మ పోయేలా కాచి ఆరబెట్టి చెక్కుతారు. కాళ్లూ చేతులూ లాంటివి విడిగా చెక్కి మక్కుతో అతికిస్తారు. మక్కు అంటే చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన ముద్ద, ఆరాక ఆకురాయితో నునుపు చేసి రంగేస్తారు. తొండం అతుకు దగ్గరే ఊడి ఉంటే మళ్లీ అదే పద్ధతిలో కూర్చోబెట్టొచ్చు, చెక్క చీలినా మక్కుతో పూడ్చుకోవచ్చు.

ఫెవిక్విక్ సంగతికొస్తే, ఎవరో ఒకరు నెయిల్ పాలిష్ తుడిచే లిక్విడ్ రాయమంటారు, అస్సలు రాయొద్దు. అందులోని అసిటోన్ జిగురుని మెత్తబరుస్తుంది నిజమే, కానీ దాంతోపాటు రంగునీ లాగేస్తుంది. ఇంట్లో లాగి ఊడదీయడం కూడా వద్దు, మెత్తటి కర్ర కదా, ఈసారి జిగురు దగ్గర కాకుండా పక్కన చీలుతుంది. తడిగుడ్డతో తుడవొద్దు, పాత బొమ్మలకి నీటి రంగులు కూడా వాడేవారు.

వీలుంటే కొండపల్లికే తీసుకెళ్లండి. మీకు భీమవరం, గుడివాడ మీదుగా విజయవాడ ట్రైన్ ఉంది, అక్కణ్ణుంచి దగ్గరే. బొమ్మల కాలనీలో ఇంటింటా ఈ పనే చేస్తారు, కొత్త బొమ్మల ఆర్డర్ల మధ్య పాతది పట్టుకునే ఓపిక ఉన్నవాళ్లని అడిగి అడిగి వెతుక్కోవాలి. పాత అతుకు ఎలా విడదీస్తారు, రంగు ఎంతమేర వేస్తారు అని అడగండి. "విరిగిన చోటే వేస్తాం, పక్క రంగుకి కలుపుతాం" అన్నవాళ్లకి ఇవ్వండి, మొత్తం కొత్తగా చేసేస్తామంటే దణ్ణం పెట్టి వచ్చేయండి. డబ్బులు ఎంతో ముందే మాట్లాడుకోండి, చిన్న బొమ్మ కదా అని బేరమాడకండి, కొత్తది చెయ్యడం కంటే పాతది నిలబెట్టడం ఎక్కువ పనమ్మా.

బయల్దేరే ముందు నాలుగు వైపులా ఫొటోలు తీసుకోండి. రాలిన రంగు పెచ్చులుంటే కాగితం పొట్లంలో కట్టి తీసుకెళ్లండి. బొమ్మని ప్లాస్టిక్ కవర్లో బిగించొద్దు, మన వైపు చెమ్మకి లోపల బూజు పట్టేస్తుంది, పాత నూలు చీర ముక్కలో చుట్టి అట్టపెట్టెలో పెట్టండి. కింద సన్నటి పొడి రాలుతోందేమో కూడా చూడండి, రాలితే పురుగు తొలుస్తున్నట్టు, అది ముందే చెప్పాలి.

ఇంకోటి, "నుదుటి మీద కుంకుమ చెరపొద్దు" అని పెద్ద అక్షరాలతో చీటీ రాసి బొమ్మతోపాటే పెట్టెలో పెట్టండి. మీరు చెప్పింది విన్నవారొకరూ బ్రష్ పట్టుకునేవారొకరూ కావొచ్చు.