మామిడి వాసన కొట్టే ‘మార్కర్ పెన్ను’: పొగాకుపై పాఠకుల ప్రశ్నలు, వైద్యుల జవాబులు

ప్రశ్న: మా గుంటడు పదో తరగతి. వాడి బ్యాగులో లావుపాటి మార్కర్ పెన్నులాంటిది దొరికింది. రాయడానికి ములుకు లేదు, మామిడిపండు వాసన. గట్టిగా అడిగితే ‘పొగ కాదమ్మా, ఉత్త ఆవిరి, అందులో ఏటీ ఉండదు’ అన్నాడు. స్నేహితుడి అన్న విశాఖపట్నం నుంచి తెచ్చాడట. నమ్మొచ్చా?
– ఒక తల్లి, టెక్కలి

జవాబు: నమ్మకండమ్మా. అది వేప్, అంటే ఈ-సిగరెట్. లోపల ఒక చిన్న లిథియం బ్యాటరీ, సన్నని తీగ చుట్టిన కాయిల్, దానికి ఆనుకుని దూది, ద్రవం నింపిన తొట్టి ఉంటాయి. నోట పెట్టి పీల్చగానే సెన్సర్ బ్యాటరీని పనిచేయిస్తుంది, కాయిల్ వేడెక్కుతుంది, దూదికి పట్టిన ద్రవం మంచుపొగలా వస్తుంది. చాలావాటికి బటన్ కూడా ఉండదు. కింద చార్జింగ్ రంధ్రం ఉందేమో, పీల్చినప్పుడు చిన్న లైటు వెలుగుతుందేమో చూస్తే మీకే తెలిసిపోతుంది.

ఆ ద్రవం నీళ్లు కాదు. ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, రుచి కోసం రసాయనాలు, వాటితో నికోటిన్. 5 శాతం అని రాసి ఉంటే ఒక మిల్లీలీటరులో 50 మిల్లీగ్రాముల నికోటిన్ ఉన్నట్టు. 2 మిల్లీలీటర్ల తొట్టిలో 100 మిల్లీగ్రాములు. ఒక సిగరెట్ తాగితే ఒంటికి పట్టేది సుమారు ఒక మిల్లీగ్రాము, మహా అయితే ఒకటిన్నర. తొట్టిలో ఉన్నదంతా ఒంటికి పట్టదు, నిజమే. కానీ సిగరెట్ అయిపోతే పారేయాలి, దీనికి ఆ ఆగే చోటే లేదు. క్లాసుకీ క్లాసుకీ మధ్య, బాత్రూములో, దుప్పటి కింద పీలుస్తూనే ఉండొచ్చు. ఇక ‘నికోటిన్ లేదు’ అని డబ్బా మీద రాసి ఉన్నా నమ్మడానికి లేదు. దేశంలో నిషేధించిన సరుకు, దొంగచాటుగా వస్తుంది. ఆ లేబుల్‌ని ఎవరూ పరీక్షించరు.

మొదటి బీడీకి దగ్గొచ్చి, కళ్ల నీళ్లొచ్చి చాలామంది పిల్లలు అక్కడితో ఆగిపోయేవారు. వేప్‌లో నికోటిన్‌కి ఆమ్లం కలిపి లవణంగా మారుస్తారు. గొంతు మండదు, దగ్గు రాదు, పైగా మామిడి రుచి. అసలు ఆకర్షణ అక్కడే ఉంది. దూది ఎండిపోయినా పీలిస్తే మాడు రుచి వస్తుంది. అప్పుడు ఫార్మాల్డిహైడ్, అక్రోలిన్ లాంటి విష రసాయనాలు ఎక్కువగా పుట్టి ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

కొట్టకండి, వాళ్ల నాన్నగారి చేత కొట్టించకండి. దెబ్బ తిన్న పిల్లవాడు మానడు, దాచడం నేర్చుకుంటాడు. తిండి తిన్నాక, పక్కన ఎవరూ లేనప్పుడు ఒక్క మాట అడగండి: పొద్దున్న లేచాక ఎంతసేపటికి కావాలనిపిస్తోంది? అరగంటలోపే అంటే అలవాటు బాగా ముదిరినట్టు, డాక్టరుకి చూపించాలి. వారానికోసారి స్నేహితులతోనే అంటే మాటలతోనే ఆపొచ్చు. క్యాన్సర్ పేరు చెప్పి భయపెట్టడం ఈ వయసులో పెద్దగా పనిచేయదు, వాడికి 50 ఏళ్లంటే ఇంకో జన్మ. కబడ్డీ కోర్టులో ఆయాసం, చేతి ఖర్చు ఎక్కడికి పోతోందన్న లెక్క బాగా తగులుతాయి.

ఆ పరికరాన్ని పొయ్యిలో వేయకండి, విప్పకండి, బ్యాటరీ పేలొచ్చు. ద్రవం చేతికి అంటితే సబ్బుతో కడగండి. ఇంట్లో పసిపిల్లలుంటే అందనీయకండి. మింగితే వాంతులు, చొంగ, చెమటలు మొదలవుతాయి. వెంటనే 108.

ప్రశ్న: మా బడి గోడకి ఎదురుగా ఉన్న బడ్డీలో పిల్లలకి విడి సిగరెట్లు, ఖైనీ అమ్ముతున్నారు. చట్టం ఏమంటోంది?
– ఒక ఉపాధ్యాయుడు, రాజాం

జవాబు: 2003 నాటి పొగాకు నియంత్రణ చట్టం (కోట్పా) ఆరో సెక్షన్ ప్రకారం 18 ఏళ్లలోపు వారికి అమ్మకూడదు, విద్యాసంస్థకి 100 గజాల లోపు ఎవరికీ అమ్మకూడదు. కొలత దగ్గరే తేడా వస్తుంటుంది. దుకాణదారు గేటు నుంచి కొలిచి ‘నాది దూరమే’ అంటాడు. కొలవాల్సింది ప్రహరీ లేదా కంచె బయటి అంచు నుంచి, చుట్టూతా. 100 గజాలంటే సుమారు 91 మీటర్లు. టేపు పెట్టి కొలిచి అక్కడ రోడ్డు మీద పసుపు గీత గీయించండి, పొగాకు రహిత విద్యాసంస్థల మార్గదర్శకాల్లో ఉన్నదే ఇది.

కోట్పా కింద జరిమానా 200 రూపాయల వరకే, అందుకే ఎవరికీ భయం లేదు. బాలల న్యాయ చట్టం 2015లోని 77వ సెక్షన్ వేరు. పిల్లలకి పొగాకు ఇచ్చినా, ఇప్పించినా ఏడేళ్ల వరకు కఠిన జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. ఫిర్యాదులో ఈ సెక్షన్ పేరు రాయండి. వేప్ అమ్మితే 2019 నాటి ఈ-సిగరెట్ల నిషేధ చట్టం కింద మొదటిసారి ఏడాది వరకు జైలు, లేదా లక్ష వరకు జరిమానా, లేదా రెండూ. వేప్ మన ఊళ్లకి కొత్త కాబట్టి పోలీసులకి ఈ చట్టం పేరు చెప్పాల్సి రావచ్చు.

ప్రధానోపాధ్యాయుడి సంతకంతో రాతపూర్వకంగా ఇవ్వండి. ఏ తరగతి పిల్లలు, ఏ సమయంలో కొంటున్నారో రాయండి, పిల్లల పేర్లు మాత్రం వద్దు.

ప్రశ్న: మా అమ్మమ్మ అడ్డపొగ తాగుతుంది. మా తమ్ముడు రోజూ పొయ్యి దగ్గర చుట్ట ముట్టించి ఇస్తాడు. నిప్పు నోటి లోపల ఉంటుంది కాబట్టి పొగ బయటికి రాదు, పర్వాలేదంటుంది.
– ఇంటర్ విద్యార్థిని, సోంపేట

జవాబు: నిప్పు వైపు నోట్లో పెట్టుకునే ఈ అలవాటు మన శ్రీకాకుళం తీరంలో ఆడవాళ్లలోనే ఎక్కువ. వేడి, పొగ నేరుగా అంగిటికి తగులుతాయి. లోకంలో అరుదైన గట్టి అంగిలి క్యాన్సర్ మన ప్రాంతంలో కనిపించడానికి ఇదే కారణం. అమ్మమ్మ గారిని తల వెనక్కి వంచి నోరు తెరవమనండి, ఫోన్ టార్చి వేసి పైన చూడండి. తెల్లగా మందంగా ఉండి మధ్యలో ఎర్రని చుక్కలుంటే పొగ దెబ్బ తగిలినట్టు. ఎర్రని మచ్చ, గరుకు గడ్డ, రెండు వారాలైనా మానని పుండు ఉంటే ఆలస్యం చేయకుండా శ్రీకాకుళం ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లండి.

తమ్ముడి సంగతి అంతకన్నా తొందర. చుట్ట ముట్టించాలంటే నోట పెట్టి పీల్చాల్సిందే. ప్రేమతో చేసే ఆ పనిలోనే మొదటి దమ్ము పడుతుంది. ఆ పని ఈరోజే మాన్పించండి.

ప్రశ్న: సిగరెట్ మానడానికి వేప్ మంచిదంటున్నారు. నిజమేనా?
– బొబ్బిలి

జవాబు: ఆ వాదన ఏళ్ల తరబడి సిగరెట్లు తాగిన పెద్దల గురించి. అసలు అలవాటే లేని పిల్లవాడికి వేప్ మొదలే గానీ ముగింపు కాదు. మన దగ్గర దొరికేదంతా దొంగ సరుకే కాబట్టి పెద్దలకీ మేం చెప్పం.

ప్రశ్న: నాకు 17 ఏళ్లు. రోజుకి మూడు పాకెట్ల ఖైనీ వేస్తాను. రెండుసార్లు మానాను, మూడో రోజుకి తల నొప్పి, కోపం, మళ్లీ మొదలు. ఇంట్లో తెలీదు.
– నరసన్నపేట

జవాబు: బాబూ, నువ్వు ఓడిపోయింది సరిగ్గా అందరూ ఓడిపోయే రోజునే. నికోటిన్ ఆగిన కొన్ని గంటల్లోనే చిరాకు మొదలై, రెండు మూడు రోజుల్లో తారస్థాయికి చేరి, తర్వాత తగ్గుతూ రెండు నుంచి నాలుగు వారాల్లో సద్దుమణుగుతుంది. నాలుగో రోజు దాటడమే అసలు పని. అందుకని పరీక్షలు, పెళ్లిళ్లు లేని వారం చూసుకో. ముందు రోజు రాత్రి పాకెట్లు, సున్నం డబ్బీ రెండూ పారేయ్. సున్నం వల్లే ఖైనీలో నికోటిన్ పంటి చిగుళ్ల గుండా అంత తొందరగా ఎక్కుతుంది.

కోరిక పుట్టినప్పుడు అది సాధారణంగా 5 నుంచి 10 నిమిషాల్లో అణుగుతుంది. ఆ కాసేపు పెదవి ఖాళీగా ఉంచకు. సోంపు, లవంగం, వేయించిన శనగలు జేబులో ఉంచుకో. వక్కపొడి మాత్రం వద్దు, దానివల్ల నోరు తెరుచుకోకుండా బిగుసుకుపోయే జబ్బు వస్తుంది. ఖైనీ పెట్టే చోట పెదవి లాగి అద్దంలో చూసుకో, తెల్లగా ముడతలు పడి ఉంటే పళ్ల డాక్టరుకి చూపించు. మూడు వేళ్లు నిలువుగా నోట్లో పట్టకపోయినా అంతే.

నికోటిన్ చూయింగ్ గమ్ గురించి అడుగుతావేమో. 18 నిండలేదు కాబట్టి డాక్టరు చెబితేనే వాడాలి. పొగాకు మానడానికి ఉచిత ఫోన్ సాయం ఉంది, 1800-11-2356. అదే నంబరు నువ్వు పారేయబోయే పాకెట్ మీద కూడా ఉంటుంది. ఇంట్లో ఒక్కరికైనా చెప్పు. నాన్నకి చెప్పలేకపోతే మామయ్యకో పిన్నికో చెప్పు. మూడో రోజు నువ్వు కసురుకున్నప్పుడు ఎందుకో తెలిసిన మనిషి ఇంట్లో ఉండాలి.