కాన్పై అయిదో రోజు: తగ్గిన బ్లీడింగ్ మళ్ళీ ఎర్రబడింది, రొమ్ములు రాళ్ళలా ఉన్నాయి, ఊరికే ఏడుపు. ఏది మామూలు?

నార్మల్ డెలివరీ, కింద కుట్లు ఉన్నాయి అన్నారు కాబట్టి దాన్ని బట్టే చెప్తున్నాను. ముందు బ్లీడింగ్ సంగతి.

మాయ ఊడివచ్చిన చోట గర్భసంచి లోపల అరచేతంత పచ్చిపుండు ఉంటుంది. అది మానేదాకా స్రావం ఆగదు. మొదటి 3, 4 రోజులు ఎర్రగా, తర్వాత లేత గులాబీ, గోధుమ రంగుల్లో, ఆపైన పసుపు కలిసిన తెలుపు. మొత్తం 4 నుంచి 6 వారాలు పడుతుంది. పాలిస్తున్నప్పుడు కాస్త ఎక్కువ పోవడం, పొత్తికడుపులో మెలిపెట్టడం మామూలే. బిడ్డ పాలు తాగుతుంటే ఆక్సిటోసిన్ అనే హార్మోన్ విడుదలై గర్భసంచి ముడుచుకుంటుంది. రెండో కాన్పు నుంచి ఆ నొప్పి ఇంకా గట్టిగా తెలుస్తుంది. పొద్దున లేచి నిలబడగానే ఒక్కసారిగా పోయేది రాత్రంతా లోపల నిలిచినదే.

గోధుమ రంగుకు వచ్చినది మళ్ళీ ఎర్రబడిందంటే చాలాసార్లు ముందురోజు శరీరం ఓర్చుకోలేనంత తిరిగారని అర్థం. 24 గంటలు బిడ్డను తప్ప ఏ బరువూ ఎత్తకుండా ఉండి చూడండి. తగ్గిందా, సరే. తగ్గకపోతే మాయ ముక్క లోపల మిగిలిందేమో, ఇన్ఫెక్షన్ ఉందేమో చూడాలి. గంటలో ప్యాడ్ పూర్తిగా తడిసిపోతున్నా, కోడిగుడ్డంత గడ్డలు పడుతున్నా, కళ్ళు తిరుగుతున్నా అది ఫోన్‌లో సలహా అడిగే సమయం కాదు, నేరుగా ఆసుపత్రికే. దుర్వాసన వచ్చినా, జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ దాటినా అదే రోజు చూపించుకోండి. ప్యాడ్ మార్చిన టైము రాసి పెట్టుకోండి. "బాగా అవుతోంది" అంటే డాక్టరుకు ఏమీ తెలియదు, "పొద్దున 6 నుంచి 10 లోపు 4 ప్యాడ్లు" అంటే తెలుస్తుంది.

కుట్ల విషయంలో అసలు శత్రువు మోషన్ భయం. నొప్పని ఆపుకుంటే గట్టిపడుతుంది, గట్టిపడితే ఇంకా నొప్పి. కాళ్ళ కింద చిన్న పీట పెట్టి మోకాళ్ళు నడుము కంటే పైకి వచ్చేలా కూర్చోండి. శుభ్రమైన ప్యాడ్ ఒకటి మడిచి కుట్ల మీద ముందు నుంచి ఆనించి పట్టుకుంటే ఊడిపోతాయన్న భయం పోతుంది. నీళ్ళు బాగా తాగినా గట్టిగానే ఉంటే లాక్టులోజ్ (మోషన్ మెత్తబరిచే మందు) అడగండి, బాలింతలు వాడొచ్చు. ఐరన్ మాత్రలు మలబద్ధకం పెంచుతాయి, కానీ మీ అంతట మీరు మానేయకండి. మూత్రం మంటగా ఉంటే పోసేటప్పుడే గోరువెచ్చని నీళ్ళు కుట్ల మీద పోసుకోండి. తుడవడం కాదు, ముందు నుంచి వెనక్కి అద్దుకోవాలి. దారం ముక్కలు ప్యాడ్‌లో కనిపిస్తే కంగారు వద్దు, అవి కరిగేవే. నొప్పి రోజురోజుకీ తగ్గాలి. పెరుగుతూ పోయినా, చీము కనిపించినా, కుట్టు విచ్చుకున్నట్టున్నా చూపించాల్సిందే.

ఇక రొమ్ములు. అందరూ పొరబడేది ఇక్కడే. 3 నుంచి 5 రోజుల మధ్య బిగుసుకునేది పాలతోనే కాదు, కణజాలంలో చేరిన నీరుతో, రక్తంతో కూడా. అందుకే గట్టిగా పిసికితే వాపు పెరుగుతుందే గానీ తగ్గదు. చనుమొన చుట్టూ ఉన్న నల్లటి భాగం బిగిసిపోతే, నిండా గాలి కొట్టిన బెలూన్‌ను నోటితో పట్టబోయినట్టు బిడ్డ నోరు జారిపోతుంది. చివరికి మొన ఒక్కటే దొరుకుతుంది, అది చీలుతుంది.

బిడ్డకు పట్టే ముందు వెల్లకిలా పడుకోండి. రెండు చేతుల వేళ్ళ కొసలు మొన మొదట్లో చుట్టూ ఆనించి, ఛాతీ వైపుకు మెత్తగా, కదలకుండా నిమిషం పాటు నొక్కి ఉంచండి. నీరు వెనక్కి జరిగి అక్కడ గుంట పడుతుంది, మెత్తబడుతుంది. వెంటనే పట్టండి. అప్పటికీ బిగుతుగా ఉంటే చేత్తో నాలుగు చుక్కలు తీయండి, అంతే. పంప్‌తో పూర్తిగా ఖాళీ చేయొద్దు, ఎంత తీస్తే అంత ఉత్పత్తి అవుతుంది, రేపు ఇదే బాధ రెట్టింపు. తాగాక తడిగుడ్డలో చుట్టిన చల్లటి ప్యాక్ 10 నిమిషాలు. 24 గంటల్లో 8 నుంచి 12 సార్లు పట్టాలి. పారాసెటమాల్, ఇబుప్రొఫెన్ పాలిచ్చే తల్లులు వాడొచ్చు. అల్సర్, కిడ్నీ సమస్య, బీపీ ఉంటే మాత్రం ఇబుప్రొఫెన్ అడిగాకే. కోడీన్ అనే నొప్పి మందు ఉన్న మాత్రలు వద్దు. ఒకవైపు ఎర్రటి మచ్చ, చలిజ్వరం, ఒళ్ళునొప్పులు వచ్చినా ఆ వైపు పాలివ్వడం మానకండి. 24 గంటల్లో తగ్గకపోతే యాంటీబయాటిక్ అవసరం పడొచ్చు.

ఏడుపు 3, 4 రోజులకు మొదలై రెండు వారాల్లోపు సర్దుకుంటుంది. అది దాటినా, బిడ్డ నిద్రపోతున్నా మీకు నిద్ర పట్టకపోయినా అడగండి. కాన్పు తర్వాతి డిప్రెషన్‌ను పసిగట్టడానికి ఎడిన్‌బరో స్కేల్ అని 10 ప్రశ్నల పట్టిక ఒకటుంది, అయిదు నిమిషాల పని. చచ్చిపోవాలనిపించినా, బిడ్డకు ఏదైనా చేస్తానేమోనని భయం వేసినా రెండు వారాలు ఆగొద్దు, ఆ క్షణమే చెప్పండి. ఇక రాత్రుళ్ళు నిద్రే లేకుండా హుషారుగా తిరగడం, లేని గొంతులు వినిపించడం పూర్తిగా వేరు, ఎమర్జెన్సీ. అది బాలింతకు తెలియదు, ఇంట్లోవాళ్ళే కనిపెట్టాలి.

మీరు అడగనిది ఒకటుంది, బీపీ. కాన్పయ్యాక 3 నుంచి 6 రోజుల మధ్య అది గరిష్ఠానికి చేరుతుంది, అంటే సరిగ్గా ఇల్లు చేరాక. గర్భంలో బీపీ లేనివాళ్ళకూ రావచ్చు. మాత్రకు తగ్గని తలనొప్పి, కళ్ళ ముందు మెరుపులు, కుడి డొక్క కింద నొప్పి ఉంటే వెంటనే కొలిపించండి. 140/90 దాటితే అదే రోజు డాక్టరుకు చెప్పాలి, 160/110 అయితే ఎమర్జెన్సీ. ఒక కాలి పిక్క మాత్రమే వాచి నొప్పెడితే, ఆయాసం వస్తే రక్తం గడ్డ కట్టిందేమో చూడాలి.

ఆరో వారం చెకప్ దాకా ఆగకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మార్గదర్శకాల ప్రకారం 48 నుంచి 72 గంటల మధ్య, 7 నుంచి 14 రోజుల మధ్య, ఆరో వారంలో, కనీసం మూడుసార్లు చూడాలి. మీకు రెండోది వస్తోంది, ఇవాళే ఫోన్ చేసి రోజు ఖాయం చేసుకోండి. ప్యాడ్ల లెక్క రాసిన కాగితం వెంట తీసుకెళ్ళండి.