బైబిల్లో మోషే కాలపు తుమ్మకర్ర బలిపీఠం కాలిపోదా? జంతువును దాని మీదే వధించేవారా?

రెండో ప్రశ్నకు జవాబు తేలిక: నేల మీదే వధించేవారు. మొదటిదానికి కాస్త వివరం కావాలి.

ప్రత్యక్ష గుడారపు (ఇశ్రాయేలీయులు ఎడారిలో వెంట మోసుకెళ్లిన ఆరాధనా డేరా) దహనబలిపీఠం కొలతలు నిర్గమకాండం 27లో ఉన్నాయి: 5 మూరల చదరం, 3 మూరల ఎత్తు. మూరంటే పూలమ్మే ఆవిడ కొలిచే మూరే, సుమారు 45 సెంటీమీటర్లు. అంటే రెండుంపావు మీటర్ల చదరం, ఎత్తు 1.35 మీటర్లు. దాన్ని పలకలతో గుల్లగా చేయమని 8వ వచనం. చాలామంది దాటేసేది ఇదే. అది మోసుకెళ్లే చట్రం. దిగిన చోట లోపల మట్టి నింపి, ఆ మట్టి మీద కట్టెలు పేర్చేవారని యూదుల పాత వ్యాఖ్యానం. మట్టితో బలిపీఠం కట్టమన్న నిర్గమకాండం 20:24కు అది సరిపోతుంది. తర్వాతి రాజుల కాలానిదే అయినా, దక్షిణ ఇజ్రాయెల్‌లోని తెల్ అరాద్‌లో తవ్వకాల్లో బయటపడ్డ బలిపీఠం కూడా మట్టీ చెక్కని రాళ్లతో కట్టిందే. మంట మట్టి మీద ఉంటే, లోహపు రేకు తొడిగిన తుమ్మకర్రకు సెగ తగులుతుందే గానీ నిప్పంటదు. నాకు ఈ వివరణే సబబనిపిస్తుంది. (ఆ రేకును మన బైబిల్ ఇత్తడి అంటుంది. హీబ్రూ మాటకు రాగి, కంచు అని అర్థం.)

సండేస్కూల్ నమూనాల్లో పీఠానికి చేసిన వలలాంటి లోహపు జల్లెడను పైన పెట్టి కట్టెలు దాని మీద పేరుస్తారు. వచనం ప్రకారం అది గట్టు కింద, పీఠం నడిమి వరకు ఉండాలి. మోతకర్రలు దూర్చే 4 ఉంగరాలు ఆ జల్లెడ మూలలకే. మీరు పదో వంతు నమూనా చేస్తుంటే 22.5 సెంటీమీటర్ల చదరం, 13.5 ఎత్తు తీసుకోండి. పీఠం నాలుగు మూలల కొమ్ములు అతికించినట్టు కాకుండా మూలల్లోంచే లేచినట్టుండాలి.

ఇక దహనబలి జంతువు వధ. అర్పించేవాడే జంతువు తల మీద చెయ్యి పెట్టి, తానే వధించాలి. గొర్రె, మేక అయితే పీఠానికి ఉత్తరాన (లేవీయకాండం 1:11). రక్తం పట్టి పీఠం చుట్టూ ప్రోక్షించేది యాజకుడు. కొమ్ములకు రక్తం పూయడం పాపపరిహారార్థబలికి, దహనబలికి కాదు. ఈ రెండూ తరచూ కలిపేస్తుంటారు. తర్వాత చర్మం ఒలిచి, ముక్కలు కోసి, ఆంత్రాలూ కాళ్లూ నీళ్లతో కడిగి, తలా కొవ్వుతో సహా కట్టెల మీద పేర్చేవారు. చర్మం యాజకుడికి. పక్షికి మాత్రం పద్ధతి వేరు: పీఠం దగ్గర యాజకుడే తల తుంచి, పొట్టను తూర్పున బూడిద వేసే చోట పారేయాలి. నమూనాలో ఆ తూర్పు పక్క కాస్త జాగా వదలండి.