రవళికి: బ్యాకప్ ఎక్కించే ముందు

చి. రవళికి,

బాబాయి ఆశీస్సులు.

వచ్చే వారం నుంచి డేటాబేస్ బాధ్యత నీ మీద పడుతోందని, ఒక ప్రైమరీ (రాతలన్నీ జరిగే అసలు సర్వర్), దాని మార్పులను అందుకుని నకలు ఉంచుకునే రెండు రెప్లికాలు ఉన్నాయని రాశావు. ప్రైమరీ మీద బ్యాకప్ ఎక్కిస్తే రెప్లికాలు వాటంతటవే సర్దుకుంటాయి కదా అని అడిగావు. సర్దుకోవమ్మా. నాకు తల బొప్పి కట్టిన సంగతి ముందు చెబుతాను.

అప్పుడు మేం నడిపేది మైఎస్‌క్యూఎల్ 8.0 డేటాబేస్, జీటీఐడీలు ఆన్‌లో ఉన్నాయి. అంటే ప్రతి మార్పుకూ (ట్రాన్సాక్షన్‌కూ) అది రాసిన సర్వర్ గుర్తింపు (యూయూఐడీ), ఒక నంబరు కలిపిన విడి పేరు ఉంటుంది. ఎవరో షరతు రాయడం మరిచిపోయి డిలీట్ కొట్టారు. ఆర్డర్ల టేబుల్ ఖాళీ అయిపోయింది. రాత్రి తీసిన డంప్ (డేటాను ఎస్‌క్యూఎల్ కమాండ్లుగా రాసిన బ్యాకప్ ఫైల్) ఉంది కదా అని ప్రైమరీ మీద నడిపితే, ఆ ఫైల్‌లో జీటీఐడీ_పర్జ్‌డ్ (ఏ జీటీఐడీలు ఇప్పటికే డేటాలో ఉన్నాయో చెప్పేది) అన్న వరుస దగ్గర 3546 ఎర్రర్. ఆ వరుస పీకేసి మళ్లీ నడిపాను. టేబుల్ నిండింది, వరుసల లెక్క సరిపోయింది, ఇంటికెళ్లి హాయిగా పడుకున్నాను. తెల్లారేసరికి రెండు రెప్లికాలూ 1032 ఎర్రర్‌తో ఆగిపోయి ఉన్నాయి. మార్చమన్న వరుస మా దగ్గర లేదు మొర్రో అని వాటి గోల. రిపోర్టులు రెప్లికా నుంచే చదువుతాయి కాబట్టి వాటిలో పాత ఆర్డర్లు ఒక్కటీ లేవు.

సంగతేమిటంటే, అదే డంప్ పైభాగంలో ఇంకో వరుస ఉంది. ఎస్‌క్యూఎల్_లాగ్_బిన్‌ను 0 చేసే వరుస. ఈ సెషన్‌లో జరిగేదేదీ బైనరీ లాగ్‌లో, అంటే సర్వర్ తన మార్పులు రాసుకునే చిట్టాలో, రాయొద్దని దాని అర్థం. రెప్లికాలకు ఏది తెలిసినా ఆ లాగ్ ద్వారానే తెలుస్తుంది. జీటీఐడీలు ఉన్న సర్వర్‌లో డంప్ తీసే మైఎస్‌క్యూఎల్‌డంప్ ఈ రెండు వరుసలనూ తానే పెడుతుంది, మనం అడగక్కర్లేదు. కొత్త రెప్లికా కట్టడానికైతే ఆ ఫైల్ అలాగే ఉండాలి. దాన్ని తీసుకెళ్లి ప్రైమరీ మీద పోసింది నేను.

కాబట్టి ఏ ఫైల్ అయినా ముందు మొదటి 30 వరుసలు తెరిచి చదువు. ఎక్కించేది ప్రైమరీ మీదైతే లాగ్ నడవాలి, రెప్లికా మీదైతే నడవకూడదు. ప్రైమరీ కోసం విడిగా డంప్ తీసేటట్లయితే సెట్-జీటీఐడీ-పర్జ్‌డ్ ఆప్షన్‌ను ఆఫ్ అని పెట్టి తియ్యి, అప్పుడు ఆ రెండు వరుసలూ రావు.

నిజానికి ఈ రోజైతే నేను ప్రైమరీ మీద డంప్ పొయ్యను. డంప్‌లో పాత టేబుల్‌ను డ్రాప్ చేసే వరుస కూడా ఉంటుంది. రాత్రి తర్వాత వచ్చిన ఆర్డర్లు దాంతో గోవిందా. ఎక్కడో పక్కన ఒక ఖాళీ సర్వర్ లేపి, బ్యాకప్ అక్కడ ఎక్కించి, పోయిన వరుసలు మాత్రం ఏరి, వెయ్యేసి చొప్పున ప్రైమరీలో ఇన్సర్ట్ చేస్తాను. అవి మామూలు రాతల్లాగే లాగ్‌లోకి వెళ్తాయి, రెప్లికాలు మామూలుగానే అందుకుంటాయి. టైమ్ ఎక్కువ పడుతుంది, పట్టనీ.

పాడైన రెప్లికాను మళ్లీ కట్టడం వేరే పని. ఇక్కడ బ్యాకప్‌లో డేటాతో పాటు దాని చిరునామా కూడా కావాలి, అంటే ఏ జీటీఐడీ దాకా అందులో ఉన్నాయన్నది. ఎక్స్‌ట్రాబ్యాకప్ అనే బ్యాకప్ టూల్‌తో తీస్తే ఎక్స్‌ట్రాబ్యాకప్_బిన్‌లాగ్_ఇన్ఫో అనే చిన్న ఫైల్‌లో అది రాసి ఉంటుంది. ఆ విలువను జీటీఐడీ_పర్జ్‌డ్‌లో పెట్టి, సోర్స్_ఆటో_పొజిషన్ 1 చేస్తే అక్కడి నుంచి అదే అందుకుంటుంది. అయితే ఆ తర్వాతి లాగ్‌లు ప్రైమరీలో ఇంకా ఉన్నాయో లేదో ముందే చూసుకో. 8.0లో అవి మామూలుగా 30 రోజులు ఉంటాయి, కానీ డిస్కు నిండుతోందని ఎవరో ఒకరు 3 రోజులకు కుదించేసి ఉంటారు. వారం కిందటి బ్యాకప్‌ను గంటల తరబడి ఎక్కించాక, కావలసిన లాగ్ లేదని 1236 ఎర్రర్ చూస్తే ఏడుపొస్తుంది. ఇంకోటి, డేటా డైరెక్టరీని ఉన్నదున్నట్టు కాపీ చేస్తే సర్వర్ యూయూఐడీ ఉండే ఆటో.సీఎన్ఎఫ్ ఫైల్ కూడా వచ్చేస్తుంది. దాన్ని తీసెయ్, లేకపోతే రెండు సర్వర్లకూ ఒకే యూయూఐడీ ఉంటుంది. సర్వర్_ఐడీ కూడా వేరుగా ఉండాలి.

రెప్లికా మీద లాగ్ ఆపకుండా ఏదైనా ఎక్కించావనుకో, ఆ రాతలు రెప్లికా సొంత యూయూఐడీతో నమోదవుతాయి. ఆ రోజు ఏమీ కాదు. ఎప్పుడో అదే రెప్లికాను ప్రైమరీ చేసిన రోజున, మిగతావాళ్లకు లేని ఆ పాత ట్రాన్సాక్షన్లను అందరికీ పంపబోతుంది. అప్పుడు కారణం ఎవరికీ గుర్తుండదు.

అన్నిటికన్నా నాకు భయం వేసేది మొత్తం ప్రైమరీనే వెనక్కి తీసుకెళ్లడం. ప్రైమరీ నిన్నటికి పోతుంది, రెప్లికాలు ఇవాళే ఉంటాయి. యూయూఐడీ పాతదే అయితే, ప్రైమరీ కొత్త ట్రాన్సాక్షన్లకు ఇదివరకు వాడేసిన నంబర్లే ఇస్తుంది. మొదట్లో రెప్లికా దగ్గర ప్రైమరీ కన్నా ఎక్కువ జీటీఐడీలు ఉన్నాయని 1236తో ఆగుతుంది. మనం కాసేపు వదిలేస్తే ప్రైమరీ ఆ నంబర్లను అందుకుంటుంది. ఆ తర్వాత కనెక్టయిన రెప్లికా కిక్కురుమనదు, ఇవి నా దగ్గర ఉన్నాయిలే అని కొత్త రాతలను వదిలేస్తుంది. అందుకని ప్రైమరీ వెనక్కి వెళ్లిందంటే రెప్లికాలన్నిటినీ అదే బ్యాకప్ నుంచి మళ్లీ కట్టాల్సిందే. దగ్గరి దారి లేదు.

ఆగిన రెప్లికాను చూసి, ఆ ఒక్క ట్రాన్సాక్షన్ దాటించెయ్ అనేవాళ్లు పక్కనే ఉంటారు. వినకు. దాటిస్తే ఎర్రర్ పోతుంది, తేడా అలాగే ఉంటుంది. రెప్లికా స్టేటస్‌లో రెండు థ్రెడ్లూ (లాగ్ తెచ్చేది, దాన్ని అమలు చేసేది) ఎస్ అన్నా, వెనకబాటు సున్నా అన్నా నమ్మకు. అవి లాగ్ అందుతోందని చెబుతాయి, డేటా ఒకటేనని కాదు. డేటా సంగతి ప్రైమరీ, రెప్లికాల టేబుళ్లను పోల్చే పీటీ-టేబుల్-చెక్‌సమ్ అనే టూల్ చెబుతుంది. నేను ఆ ఫలితం చూడకుండా పని అయిందని ఎవరికీ చెప్పను.

ఏ సర్వర్‌లో ఉన్నావో కూడా కమాండ్ కొట్టే ముందు చూసుకో. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే కోడ్ హోస్టింగ్ కంపెనీలో ఒక ఇంజినీరు రెప్లికాను మళ్లీ కట్టబోతూ ప్రైమరీ డేటా డైరెక్టరీని తుడిచేశారు. అది పోస్ట్‌గ్రెస్ అనే వేరే డేటాబేస్, అయినా చెయ్యి ఒకటే కదా. ఆపేసరికి సుమారు 300 జీబీలో 4.5 జీబీ మిగిలింది. ఆదుకున్నది ఆరు గంటల కిందటి స్నాప్‌షాట్ ఒక్కటే. నేనైతే ప్రైమరీ టెర్మినల్ ఎప్పుడూ ఎర్ర రంగులో పెట్టుకుంటాను. కుర్రాళ్లు నవ్వుతారు.

బాధ్యత చేతికొచ్చిన మొదటి రోజే మీ రాత్రి డంప్ తెరిచి, ఆ మొదటి 30 వరుసలు నాకు పంపు. లాగ్‌లు ఎన్నాళ్లు ఉంచుతున్నారో కూడా రాయి. మిగతాది ఫోన్‌లో మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో,
బాబాయి