మేం బడి మూసేసుకున్నాం, మీరు మూయకండి

"ఎన్నికల జోలికి పోకుండా, ఊళ్ల నుంచే వామపక్ష ఉద్యమం కట్టొచ్చా? ఎక్కడ మొదలుపెట్టాలి?" అని అడిగారు. కట్టొచ్చు. మా నెల్లూరు జిల్లాలో ఒకసారి దాదాపు కట్టాం, మేమే చేజార్చుకున్నాం కూడా.

1991లో అక్షరాస్యత ఉద్యమం వచ్చినప్పుడు నాకు 19 ఏళ్లు. కావలి వైపు మా ఊళ్లో రాత్రిబడి వాలంటీరుని. చైనా విప్లవం గురించి రెండు గంటలు మాట్లాడగలను, ఎదురింటి కూలీకి రోజుకెంతిస్తారో తెలీదు. శ్రమ దోపిడీ గురించి ఎత్తుకోగానే ఒక పెద్దమ్మ పలక కిందపెట్టి, "అదంతా తర్వాత చెబుదువులే నాయనా, ముందు లెక్కలు నేర్పు" అంది. నేర్పాను. ఆమె వేసిన మొదటి లెక్క మొగుడి వారం కూలి, అందులోంచి సారా ప్యాకెట్లకు పోయింది. తీసివేతలో మిగిలింది చూసి బడంతా గమ్మునైపోయింది. ఇక నేను చెప్పాల్సిందేం లేకపోయింది.

1992లో దూబగుంట ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు. వాళ్లను ముందుండి నడిపిన రోశమ్మ గారి పేరు వినే ఉంటారు. ఆ కథ మా బడికి పాఠంగా వచ్చింది. చదివిన రాత్రే మా బడి ఆడవాళ్లు సారా జీపుకు ఎక్కడ అడ్డం పడాలో మాట్లాడుకున్నారు. "తాగను నీళ్లు రావు గానీ సారా మాత్రం వాకిట్లోకొస్తుందే!" జెండా లేదు, చీపుర్లూ కారప్పొడీ ఉన్నాయి. జిల్లాలో సారా వేలంపాటలు వాయిదా మీద వాయిదా పడ్డాయి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా బంద్.

దెబ్బతిన్నది ఆ తర్వాతే. మా డిమాండు 1994లో ఎన్నికల హామీ అయింది, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. గెలిచేశామని లాంతర్లు ఆర్పేశాం. 1997లో నిషేధం ఎత్తేస్తే అడుగుదామన్నా కూర్చునే చోటు లేదు. బడి గదిలో ఎవరివో వేరుశనగ బస్తాలు.

నెల్లూరులో కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య గారి తమ్ముడు డాక్టర్ రామచంద్రారెడ్డి గారు నడిపిన ప్రజావైద్యశాల చూడండి. పార్టీకి ఎన్ని ఓట్లు పడ్డాయన్న దానితో పనిలేకుండా రోగుల్ని చూశారు, పల్లెలకు వైద్యం చేసేవాళ్లను తయారుచేశారు. సభతో కాదు, అలా తలుపు తెరిచి ఉంచే పనితో మొదలుపెట్టండి.

ఇప్పుడు మేం వారానికోరోజు ఉపాధి హామీ కూలీల మస్టరులో (హాజరు పట్టీలో) పడ్డ పనిరోజులూ పాసుబుక్కులో పడ్డ డబ్బూ సరిచూస్తున్నాం. మొదట రామాలయం అరుగు మీద పెట్టాం. ఎస్సీ కాలనీ నుంచి ఒక్కరూ రాలేదు. నా బుర్రకు అది తట్టడానికి మూడు వారాలు పట్టింది, సిగ్గుచేటు. ఇప్పుడు చింతచెట్టు కింద కూర్చుంటున్నాం. మొన్న ఆరుగురికి లెక్క తేడా వచ్చింది. సోమవారం అందరం కలిసి మండలాఫీసుకు పోతున్నాం.